బందరు రోడ్డు ఎక్కడికి వెళ్తుంది?
పాస్‌పోర్టు అక్కర్లేని ఓ చిన్న దేశంలో నాలుగు ఆదివారాలు



ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మాయినో అబ్బాయినో ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి: "బందరు రోడ్డు ఎక్కడికి వెళ్తుంది?"

రోజూ స్కూలు బస్సులో ఆ రోడ్డు మీదే వచ్చే పిల్లలు కూడా చాలామంది "బెంజి సర్కిల్‌కి" అంటారు. కొందరు "దాని పేరు ఎంజీ రోడ్డు కదా" అని మనల్నే సరిదిద్దుతారు. బందరుకి వెళ్తుంది కాబట్టి బందరు రోడ్డు అయిందని, ఆ బందరు ఒకప్పుడు లండన్‌కీ ఆమ్‌స్టర్‌డామ్‌కీ బాగా తెలిసిన రేవు అని చెప్పేవాళ్లు తక్కువ. ఈఫిల్ టవర్ ఏ ఊళ్లో ఉందని అడగండి, అదే పిల్లలు టక్కున చెప్పేస్తారు.

తప్పు పిల్లలది కాదు. పుస్తకంలో ఉన్నది వాళ్లు చదివారు. పక్క ఊరిని చూపించాల్సింది మనం. ర్యాంకులు, హోంవర్కు, ఆదివారం ట్యూషన్, మన ఉద్యోగాలు, ఇన్నిటి మధ్య ఆ పని వెనకబడింది. ఈ నెల వ్యాసం దాని గురించే.

మ్యాపు మీద ఒక లెక్క

సెలవులు దగ్గరపడగానే టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. ఓ చిన్న దేశం, అందులో రెండు మూడు పాత నగరాలు, ఒక కోట, ఒక మ్యూజియం, అక్కడి చాక్లెట్లు, చీజు. చూడాలనిపించడం సహజమే. డబ్బు కలిసొస్తే తప్పకుండా చూడండి. ఈలోగా పిల్లల చేత ఓ లెక్క చేయించండి.

ఐరోపాలోని లక్సెంబర్గ్ విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాల విభజనకు ముందున్న మన కృష్ణా జిల్లా విస్తీర్ణం 8,727 చదరపు కిలోమీటర్లు. అంటే ఆ దేశానికి మూడు రెట్ల పైమాటే. జనాభా చూసినా 2011 లెక్కల ప్రకారం జిల్లాలో 45 లక్షల మంది ఉన్నారు. ఓ చిన్న దేశానికి కావలసినవన్నీ ఇక్కడున్నాయి: నది, సముద్రం, రేవు పట్టణం, కొండ మీద కోట, పాత రాజధాని అని పేరుపడ్డ ఊరు, సొంత నాట్యం, సొంత బట్ట, సొంత మిఠాయి. లేనిదల్లా వీసా ఆఫీసు.

ఇన్ని ఊళ్లు ఇక్కడే ఎందుకు?

బయల్దేరే ముందు పిల్లలకు ఈ సంగతి చెబితే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. కృష్ణమ్మ పశ్చిమ కనుమల్లో, మహాబలేశ్వర్ దగ్గర పుట్టి వందల కిలోమీటర్లు నడిచి వస్తుంది. వచ్చేటప్పుడు మట్టిని మోసుకొస్తుంది. విజయవాడ దగ్గర కొండల మధ్య నుంచి బయటపడ్డాక నేల చదును, పరుగు నెమ్మది. మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించుతుంది. అలా వేల ఏళ్లపాటు దించిన మట్టే మన డెల్టా.

ఆ మట్టిలో పంట పండింది. పంట ఉన్నచోట జనం చేరారు, జనం ఉన్నచోట నేతగాళ్లు, అద్దకం పనివాళ్లు చేరారు. నది సముద్రంలో కలిసే చోట పడవలు ఆగడానికి వీలుంది కాబట్టి వర్తకులు వచ్చారు. వర్తకుల వెంట బౌద్ధ భిక్షువులు, ఆ తర్వాత సుల్తానులు, ఆ తర్వాత తెల్లవాళ్లు. మనం చూడబోయే ప్రతి ఊరూ ఈ గొలుసులో ఒక లంకె.

అయితే నది ఒక్కటే ఉంటే సరిపోదు. 1832-33లో ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసిన కరువును పెద్దవాళ్లు డొక్కల కరువు అనేవారు. పక్కనే నది పారుతున్నా పొలానికి నీళ్లెక్కలేదు. ఆ తర్వాత బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట 1855కి పూర్తయింది. కాలువలు వచ్చాయి. ఇప్పుడు మన ఊరి మధ్య నుంచి పారే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఆ కథలోవే. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఈసారి కాలువ వంతెన దాటేటప్పుడు చేత్తో ముక్కు మూసుకోవడంతో పాటు పిల్లలకు ఆ మాట కూడా చెప్పండి. డెల్టాలో ఈ రోజు మనం తినే అన్నం ముద్ద ఆ కాలువ దాటి వచ్చిందే.

మొదటి ఆదివారం: బందరు, పెడన

విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు సుమారు 70 కిలోమీటర్లు. గుడివాడ, పెడన మీదుగా రైలు కూడా ఉంది. పిల్లలకు రైలు సరదా ఉంటే వెళ్లేటప్పుడు అందులోనే వెళ్లండి.

'బందర్' అంటే పారశీక భాషలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ల రాజ్యానికి సముద్రం వైపు ప్రధాన ద్వారం ఇదే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంలో దాటిపోయే ఈ సంగతి బందరు పేటల పేర్లలో ఇంకా బతికి ఉంది. ఊళ్లో వలందపాలెం ఉంది. హాలండు వాళ్లను మన పూర్వులు వలందులు అనేవారు. ఇంగ్లీషుపాలెం ఉంది. పరాసుపేట ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఆటోలో తిరుగుతూ ఈ మూడు పేర్లు బోర్డుల మీద వెతకమనండి. ఎవరు ముందు కనిపెడితే వాళ్లకు మొదటి లడ్డు.

డచ్చివాళ్ల శ్మశానం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్షరాలు, వంశ చిహ్నాలు చెక్కిన పెద్ద పెద్ద రాతి పలకలు కనిపిస్తాయి. ఎక్కడో ఉత్తర సముద్రపు ఒడ్డున పుట్టి, మిరియాల కోసం, బట్టల కోసం బయల్దేరి, ఇక్కడి ఎండకూ జ్వరాలకూ తట్టుకోలేక మన మట్టిలో కలిసిపోయినవాళ్లు. అంత దూరం ఎందుకొచ్చారో పిల్లలు తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు పెడనలో దొరుకుతుంది.

బందరుకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనలో ఇప్పటికీ కలంకారీ అద్దకం జరుగుతోంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ చెక్కిన కర్ర అచ్చులతో అద్దుతారు. ముందు బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకోవడానికి, పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఉండటానికి. పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే కసిం తయారవుతుంది. దాన్ని అచ్చుతో అద్దగానే, కరక్కాయ పట్టిన బట్ట మీద నల్లటి గీత పడుతుంది. పటిక అద్దినచోట, ఆ తర్వాత రంగు నీళ్లలో ఉడకబెట్టినప్పుడు ఎరుపు తేలుతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే చిన్న మొక్క వేరు నుంచి వచ్చేది. మధ్యమధ్యలో పారే నీటిలో ఉతుకుతారు. కాలువ లేనిదే కలంకారీ లేదు.

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి కెమిస్ట్రీని విసుక్కుంటుంటే అక్కడ ఓ అరగంట నిలబెట్టండి. ఇనుము, వగరు, పటిక కళ్లముందే రంగులవుతాయి.

ఉతికినా వెలవని ఈ రంగు బట్టలు ఐరోపా జనానికి ఎంత నచ్చాయంటే, అక్కడి నేతగాళ్లు మా పొట్ట కొడుతున్నారని గోల పెట్టారు. ఫ్రాన్స్ 1686లో అద్దకం బట్టల మీద నిషేధం పెట్టింది. 1721లో ఇంగ్లండు కూడా వాటిని వాడకూడదని చట్టం చేసింది. మన తీరంలో చేతులు అద్దిన బట్టను ఆపడానికి రెండు రాజ్యాలు చట్టాలు చేయాల్సి వచ్చింది! వలందులు అంత దూరం ఎందుకొచ్చారన్న ప్రశ్నకు జవాబు ఇదే.

కొనేటప్పుడు చిన్న జాగ్రత్త. కలంకారీ డిజైను వేసిన మెషీను ప్రింటు కూడా అదే పేరుతో దొరుకుతుంది. చేతి అచ్చుతో అద్దిన బట్టలో అచ్చు, అచ్చు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది, రంగు అక్కడక్కడా హెచ్చుతగ్గులుగా ఉంటుంది. ఆ తేడా లోపం కాదు, మనిషి చేసిన గుర్తు. ఒక్క చేతిరుమాలు కొన్నా సరే, అద్దినవాళ్ల దగ్గరే కొనండి. పని చేసేవాళ్లకు గిట్టుబాటు కాకపోతే వాళ్ల పిల్లలు ఆ అచ్చు పట్టుకోరు.

ఇక లడ్డు. బందరు లడ్డును తొక్కుడు లడ్డు అనడం చూసి పిల్లలు కాళ్లతో తొక్కుతారేమోనని మొహం చిట్లిస్తారు. ఇక్కడ తొక్కడమంటే దంచడం. శనగపిండిని జంతికల్లా నూనెలోనో నేతిలోనో వేయిస్తారు. వాటిని రోట్లో దంచి జల్లిస్తారు. ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ రోకళ్లతో దంచుతారు. మామూలు లడ్డులో బూందీ పూసలు పంటికి తగులుతాయి. ఇక్కడ దంచి దంచి పూస అన్నదే లేకుండా పోతుంది కాబట్టి నోట్లో పెట్టగానే కరుగుతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బందరు హల్వా మరో రకం ఓపిక. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లం పాకంలో పోసి, నెయ్యి పైకి తేలేదాకా గంటల తరబడి కలుపుతూనే ఉంటారు. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన బొందిలీలు ఈ మిఠాయిల విద్యను ఇక్కడికి తెచ్చారని బందరులో చెబుతారు. సముద్రం మీద వచ్చినవాళ్లు బట్ట పట్టుకుపోతే, నేల మీద వచ్చినవాళ్లు మిఠాయి ఇచ్చి ఇక్కడే ఉండిపోయారు.

సాయంత్రం మంగినపూడి తీరం. అక్కడ పిల్లలకు చెప్పాల్సిన కథ ఇంకొకటి ఉంది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు ఉప్పెన వచ్చి బందరును ముంచెత్తింది. దాదాపు 30,000 మంది చనిపోయారు. అప్పటికే మేట వేసుకుని లోతు తగ్గిపోయిన రేవు ఆ తర్వాత పూర్వపు స్థితికి రాలేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగాల్సి వచ్చేది. వ్యాపారం మద్రాసుకు, తర్వాత విశాఖకు తరలింది. అయినా ఊరు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1902లో కృష్ణా పత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు ఈ ఊళ్లోనే పుట్టాయి. ఓడ పోయిన రేవు చదువును, పత్రికను, బ్యాంకును తెచ్చుకుంది. పరీక్షలో మార్కులు తగ్గి దిగులుపడే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం చెప్పగలమా? ఇప్పుడు అక్కడే కొత్త పోర్టు పనులు కూడా జరుగుతున్నాయి.

రెండో ఆదివారం: కూచిపూడి, మొవ్వ, ఘంటసాల, శ్రీకాకుళం

పామర్రు దగ్గర బందరు వైపు వెళ్లకుండా చల్లపల్లి రోడ్డు పట్టుకోండి. కాసేపట్లో కూచిపూడి వస్తుంది. ప్రపంచమంతా తెలిసిన నాట్యానికి పేరిచ్చిన ఊరు ఇంత చిన్నదా అని పిల్లలు ఆశ్చర్యపోతారు. సిద్ధేంద్రయోగి భామాకలాపం రాసి, ఈ ఊరి కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని చెబుతారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వేదికెక్కితే ఆయన మగవారని ప్రేక్షకులు మరిచిపోయేవారు. మీ అమ్మాయి విజయవాడలో డ్యాన్సు క్లాసుకు వెళ్తుంటే, ఆ అడుగు పుట్టిన నేల మీద ఒక్కసారి నిలబెట్టండి. మీ అబ్బాయి "డ్యాన్సు ఆడపిల్లలది" అంటుంటే వాణ్ణి ఇంకా ముందు తీసుకెళ్లండి.

అక్కడికి దగ్గరే మొవ్వ. క్షేత్రయ్య పదాల్లో వినిపించే మువ్వ గోపాలుడు ఈ ఊరి వేణుగోపాలస్వామే. జాతీయ జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య గారి భట్లపెనుమర్రు కూడా ఈ చుట్టుపక్కలదే. పంద్రాగస్టు నాడు స్కూల్లో సెల్యూట్ చేసే పిల్లలకు ఆ ఊరి బోర్డు చూపించడానికి కారు ఓ రెండు నిమిషాలు ఆపితే చాలు.

ఘంటసాల అనగానే పెద్దవాళ్లకు పాట గుర్తొస్తుంది. పిల్లలకు చూపించాల్సింది ఊరిని. రెండో శతాబ్దంలో టాలెమీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు ఎక్కడో ఈజిప్టులో కూర్చుని రాసిన పుస్తకంలో ఈ తీరంలోని కంటకొస్సుల అనే రేవును పేర్కొన్నాడు. మన శాసనాల్లోని కంటకసోల అదే, నేటి ఘంటసాల అదే అని చరిత్రకారులు చెబుతారు. ఇటుకల బౌద్ధ స్తూపం మిగిలి ఉంది, చిన్న మ్యూజియం ఉంది. ఒకప్పటి రేవు పట్టణం నుంచి ఇప్పుడు సముద్రం కనిపించదు. సముద్రం ఎటు పోయింది? పైన చెప్పుకున్న మట్టే జవాబు. నది మట్టిని పోస్తూ పోతుంటే తీరం ముందుకు జరుగుతుంది, రేవు వెనకబడిపోతుంది. ఘంటసాలకు జరిగిందే చాలా శతాబ్దాల తర్వాత బందరుకూ జరిగింది. ఈ రెండు ఊళ్లనూ కలిపి చూసిన పిల్లవాడికి డెల్టా పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

ఆఖరుకు కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం కాదు, మన జిల్లాలోనే ఉన్న చిన్న ఊరు. శాతవాహనుల తొలి రాజధాని ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి దేవుడు ఆంధ్ర మహావిష్ణువు. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడు. స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని రాయలే ఆముక్తమాల్యదలో చెప్పుకున్నాడు. తెలుగు రెండో భాషగా తీసుకోవాలా వద్దా అని ఇంట్లో చర్చ జరుగుతుంటే, ఆ చర్చను ఈ గుడి అరుగు మీద కూర్చుని చేయండి.

ఈ రోజు రుచి దుకాణంలో దొరికేది కాదు. పొద్దున్నే ఇంట్లో పులిహోర, దద్దోజనం కలిపి డబ్బాలో పెట్టుకోండి. దర్శనం అయ్యాక నీడ చూసుకుని విస్తరాకుల్లో వడ్డించుకోండి. కార్తీక మాసంలో అయితే ఉసిరి చెట్టు కింద వనభోజనమే. ఫోన్లు సంచిలో ఉంచితే పులిహోర రుచి పెరుగుతుంది.

మూడో ఆదివారం: దివిసీమ

చల్లపల్లి దాటి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామిని చూసుకుని, పులిగడ్డ దగ్గర నది పాయ దాటితే దివిసీమ. పులిగడ్డలో పిల్లలు నోరు తెరిచే వింత ఒకటుంది: నది మీద నుంచి పారే కాలువ. కింద కృష్ణ పాయ, దాని మీద కట్టిన అక్విడక్టులో సాగునీరు. నీళ్ల మీదుగా నీళ్లు!

అవనిగడ్డ మీదుగా దక్షిణానికి వెళ్తే హంసలదీవి. వేణుగోపాలస్వామి ఆలయం, ఆ తర్వాత నది సముద్రంలో కలిసే సంగమం. మహాబలేశ్వర్‌లో పుట్టిన నది ప్రయాణం ముగిసేది ఇక్కడే. దారిలో ఉప్పునీళ్లలో వేళ్లు పైకి లేపి నిలబడ్డ మడ చెట్లు కనిపిస్తాయి.

రుచి విషయానికొస్తే, మాంసాహారులకు ఇది పండగ. రొయ్యలు, పీతలు, పండుగప్ప వేపుడు, బొమ్మిడాయిల పులుసు. చింతపండు పులుసులో బొమ్మిడాయిలు ముందురోజు వండి మర్నాడు తింటేనే రుచి అనేవాళ్లున్నారు. పిల్లలు చిన్నవాళ్లయితే ముళ్లు తీసి పెట్టండి.

ఈ ఊళ్లలో తిండి, సముద్రం మాత్రమే చూసి తిరిగొస్తే ప్రయాణం సగమే అయినట్టు. 1977 నవంబరు 19, శనివారం. తుపాను గాలికి దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి దివిసీమ మీద పడింది. పదివేల మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్లు పట్టుకుని బతికినవాళ్లున్నారు. ఆ తర్వాతే తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ముందుగా చేరవేసే ఏర్పాట్లు మెరుగయ్యాయి. దారిలో చూసిన మడ అడవి కెరటం ఊపును కొంత తనమీద వేసుకుని ఊళ్లను కాపాడుతుంది. దాన్ని ఎందుకు నరకకూడదో సైన్సు పుస్తకం కన్నా ఆ చోటే బాగా చెబుతుంది.

మన పాఠశాలల్లో చదివే పిల్లల అమ్మమ్మలు, తాతయ్యల్లో ఆ రాత్రిని చూసినవాళ్లు ఉంటారు. ఆ రోజు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది. వాళ్లలో చాలామంది ఆ సంగతి తమంతట తాము ఎత్తరు. మనవడో మనవరాలో పక్కన కూర్చుని అడిగితే చెబుతారు. వీలైతే వాళ్లను కూడా కారెక్కించుకోండి. ముందు సీటు వాళ్లకే ఇవ్వండి.

నాలుగో ఆదివారం: ఇంటికి దగ్గరగా

దూరం వెళ్లే ఓపిక లేని వారం ఇది. పొద్దున్న కొండపల్లి, మధ్యాహ్నం ఇల్లు, సాయంత్రం ఉండవల్లి.

కొండపల్లి కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో రూపు దిద్దుకుంది. కళింగ దండయాత్రలో రాయలు దీన్ని గెలుచుకున్నాడు. రెండో ఆదివారం చూసిన శ్రీకాకుళం కథ ఇక్కడ కలుస్తుంది. ఆ ముడి పిల్లల చేతే విప్పించండి. కోట కింద ఊళ్లో బొమ్మల కాలనీ. తెల్లపొణికి అనే తేలికైన కర్రను చెక్కి, చేతులు కాళ్లు వేరుగా చేసి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికించి, రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కే మనిషి, ఎడ్లబండి. మీ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టే అలవాటు ఉంటే ఏడాదికి ఒక్క బొమ్మ ఇక్కడి నుంచి తెచ్చుకోండి. పిల్లలు పెద్దయ్యేసరికి కొలువూ పెద్దదవుతుంది.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు. కొండను తొలిచిన నాలుగు అంతస్తులు, లోపల పడుకున్న అనంతపద్మనాభుడి పెద్ద విగ్రహం. అమరావతికి వెళ్లే వీలుంటే మరో రోజు పెట్టుకోండి. అక్కడి మహాస్తూపం శిల్పాల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. లండన్ వెళ్లి వాటిని చూసొచ్చిన పిల్లలు, అవి వచ్చిన ఊరిని చూడకపోతే ఎలా?

తిరిగొచ్చేటప్పుడు బెజవాడ రుచి: వేడివేడి పునుగులు, పక్కన అల్లం పచ్చడి. రాత్రికి ఇంట్లో ఉలవచారు, మీద మీగడ.

ఏ కాలంలో ఏ రుచి

చలికాలంలో తేగలు, సంక్రాంతికి అరిసెలు. ఎండాకాలం మొదట్లో తాటి ముంజలు, ఆ వెనకే నూజివీడు రసాలు. చిన్న రసాన్ని కత్తితో కోయడం అపచారం. మెత్తగా పిసికి, తొడిమ తీసి, నోటికి పెట్టుకుని పీల్చాలి. చొక్కా మీద మరక పడితే ఆ రోజుకు తిట్టకండి. లడ్డు, హల్వా అన్ని కాలాల్లోనూ దొరుకుతాయి. ఇవి నెయ్యి, బెల్లం ఉన్న మిఠాయిలు కాబట్టి ఒకటి తినిపించి మిగతావి ఇంటికి తెచ్చుకోండి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలుంటే కొనేముందు అందులో ఏం వేశారో అడగండి.

బయల్దేరే ముందు

- అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపానుల కాలం. తీరం వైపు వెళ్లే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. ఎండలు ముదిరాక పగటి ప్రయాణం వద్దు. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.
- మంగినపూడి, హంసలదీవి దగ్గర సముద్రంలో లోతుకు దిగనివ్వకండి. సంగమం దగ్గర నీరు పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగుతుంది. హంసలదీవి నుంచి చీకటి పడకముందే బయల్దేరండి.
- చాలా గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు. మ్యూజియాలకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది. ముందు కనుక్కోండి.
- కలంకారీ, బొమ్మల పని చేసే చోటికి వెళ్లినప్పుడు ఫొటో తీసే ముందు అనుమతి అడగడం పిల్లలకు నేర్పండి. ఆదివారం కొన్నిచోట్ల పని ఉండకపోవచ్చు. వీలైతే శనివారం పెట్టుకోండి.
- మంచినీళ్లు, టోపీలు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి.

పిల్లల చేత ఏం చేయించాలి?

దీన్ని ప్రాజెక్టు చేయకండి, మార్కులు వేయకండి. ఒక చిన్న నోటుబుక్కు ఇవ్వండి, చాలు. ప్రతి ఊరికీ ఒక పేజీ: ఆ ఊరి పేరు ఎలా వచ్చింది, అక్కడ ఏం తిన్నాం, అక్కడ ఒక మనిషిని ఏం అడిగాం. ప్రయాణంలో దారి చెప్పే పని పిల్లలకు అప్పగించండి. ఫోనులో మ్యాపు చూసి కాదు, కిటికీలోంచి బోర్డులు చదివి. తెలుగు చదవడం తడబడే పిల్లలకు కూడా ఊళ్ల బోర్డులు మంచి వాచకం.

మన ఈ చిన్న దేశంలో కోటలు కొంత కూలిపోయాయి, రేవులు పూడిపోయాయి, కొన్ని శిల్పాలు సముద్రం దాటిపోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం మనుషుల చేతుల్లోనూ జ్ఞాపకాల్లోనూ ఉంది. అచ్చు పట్టే చెయ్యి, రోకలి ఎత్తే చెయ్యి, ఆ నవంబరు రాత్రిని గుర్తుంచుకున్న తాతయ్య. వాళ్లు ఉన్నప్పుడే మన పిల్లలు వెళ్లి కూర్చోవాలి.

ఓ నెల గడిచాక మళ్లీ అదే ప్రశ్న అడగండి. "బందరు రోడ్డు ఎక్కడికి వెళ్తుంది?" ఈసారి మీ అమ్మాయి ఒక్క మాటలో ముగించదు. వలందపాలెం దగ్గర మొదలుపెడుతుంది. అన్నం చల్లారినా ఫరవాలేదు, చివరిదాకా వినండి.